రాకెట్ షర్బతూ, ఉచిత అభిప్రాయాలూ

ఆ రోజుల్లో కొత్త పానీయం తయారు చేయడం పెద్ద కష్టమేమీ కాదు. పెరడు, పొయ్యి, చక్కెర, ఇంట్లోవాళ్ళ ఓపిక ఉంటే చాలు. కష్టమంతా దాన్ని ఎవరు తాగుతారో తెలుసుకోవడంలోనే ఉండేది. ఇప్పటి పిల్లలు ఏ ఊళ్ళో ఎవరు ఏం తాగుతున్నారో కూర్చున్న చోటి నుంచే చూసి చెప్పేస్తున్నారు. మేము ఎండలో నిలబడి అడిగేవాళ్ళం, జనం అబద్ధం చెప్పేవాళ్ళు. (పాపం, మంచి మనసుతోనే.)

తిరుపతిలో మా నాయనకు వేరుశనగ నూనె కొట్టు ఉండేది. బి.కాం. పూర్తి చేసిన నాకు ఆ జిడ్డు గల్లాపెట్టె వెనక కూర్చోవడం సుతరామూ ఇష్టం లేదు. అందుకని పెరట్లో రెండు షర్బతులు కాచాను. ఒకటి నన్నారి, అంటే సుగంధిపాల, వేరులో అల్లం దంచి వేసింది, రెండోది ఎర్రటి గులాబి షర్బతు. శ్రీహరికోట రాకెట్ల గురించి ఊరంతా మాట్లాడుకుంటున్న కాలం కాబట్టి 'రాకెట్' అని పేరు కూడా పెట్టేశాను. సీసాలు కొనడానికి మాత్రం నాయన దగ్గరికే పోవాల్సి వచ్చింది.

"రెండూ ఒకేసారి అయ్యే పని కాదప్పా. జనం ఏది తాగుతారో తెలుసుకోనొచ్చి సెప్పు, సీసాలు నేను కొనిస్తా. తెలీలేదనుకో, నోరు మూసుకోని కొట్లో కూసో" అన్నాడు నాయన.

మద్రాసులో చదువుకుంటూ సెలవులకు వచ్చిన మా మేనబావ ఈ మాట విని ఎగిరి గంతేశాడు. "దీన్నే మార్కెట్ సర్వే అంటారు బామ్మర్దీ! ముందు గవర్నమెంటు లెక్కలు సూడాల" అన్నాడు. ఇద్దరం బస్సెక్కి చిత్తూరు పోయి, జిల్లా లెక్కలు ఉండే ఒక ఆఫీసులో గుమాస్తాను పట్టుకున్నాం. ఆయన మమ్మల్ని ఎంతో ఆదరంగా కూర్చోబెట్టి బావులు, నాగళ్ళు, మేకల లెక్కలన్నీ చూపించాడు. జనం ఏం తాగుతారో కావాలన్నాం. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఆలోచించాడు.

"మంచినీళ్ళకు లెక్క ఉండాది. సారాయికి లెక్క ఉండాది. ఆ రెండింటికీ మధ్యలోదానికి లెక్క లేదప్పా."

సరే, అంగళ్ళనే అడుగుదామని తిరిగొచ్చాం. బావ సలహా మీద చొక్కా ప్యాంటులోకి దోపి, జేబులో పెన్ను పెట్టి, చేతిలో తోలు సంచీతో సోడా అంగళ్ళ మీద పడ్డాను. ఆ వేషంలో వచ్చి 'దినానికి ఎన్ని సోడాలు పోతాయి?' అని అడిగేవాడు అమ్మకం పన్ను వాడు తప్ప ఇంకెవరు? ఒక అంగడాయన నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "అమ్మకాలు యాడివి సార్! ఈ సీసాలు అందానికి పెట్టుకున్నేవి" అన్నాడు. ఆయన వెనకే వాళ్ళ తమ్ముడు టప్ టప్‌మని సోడాలు కొట్టి జనానికి అందిస్తూనే ఉన్నాడు. "వాళ్ళంతా?" అన్నాను. "సుట్టాలు సార్" అన్నాడు. ప్రతి అంగట్లోనూ ఇదే కథ, పైగా బలవంతంగా నా చేత ఒక సోడా తాగించడం. సాయంత్రానికి కడుపు ఉబ్బి ఇంటికి చేరాను. నా పరిశోధనలో తేలింది ఒక్కటే, తిరుపతిలో ఎవరూ ఏమీ తాగరు.

"ఇట్ల కాదు, నేరుగా తాగిపిచ్చి అడుగుదాం" అన్నాడు బావ. మర్నాడు బస్టాండు పక్కన రెండు కుండలు పెట్టుకుని, వచ్చేపోయేవాళ్ళకు ఊరికే పోయడం మొదలుపెట్టాం. క్షణాల్లో పెద్ద వరుస తయారైంది. అయితే తిరుపతిలో మండుటెండలో ఒకడు ఊరికే షర్బతు పోస్తున్నాడంటే దానికి అర్థం ఒక్కటే. "ఏం మొక్కుబడి నాయనా? బిడ్డ పుట్టినాడా?" అని ఒక పెద్దమ్మ అడిగింది. ఇంకొకాయన గ్లాసును కళ్ళకద్దుకుని గోవింద కొట్టి తాగాడు. రుచి ఎట్లుందంటే అందరిదీ ఒకే మాట, అమృతం. రెండు కుండలూ అమృతమే!

బావకు ఒళ్ళు మండింది. ఎవరూ చూడకుండా పిడికెడు ఉప్పు తెచ్చి గులాబి కుండలో వేసి కలిపేశాడు. తర్వాత, కొండ మీద గుండు కొట్టించుకుని వచ్చిన ఒకాయన ఒక గుక్క మింగాడు. ముఖం వంకర్లు పోయింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "అమృతం. సల్లంగుండండి నాయనా, పెండ్లిండ్లు అయితాయి" అని దీవించి పోయాడు. (అయ్యాయి, నిజమే.)

ఇంక దారి లేక మరుసటి రోజు గ్లాసుకు పది పైసలని పలక మీద రాసి పెట్టాం. నిన్నటి జనం దూరం నుంచే పలక చదివి పక్కకు తిరిగిపోయారు. చాలాసేపటికి వడమాలపేట బస్సు దిగిన ఒక రైతు దంపతులు వచ్చి చెరొక గ్లాసు నన్నారి తీసుకున్నారు. ఆమె ఒక గుక్క తాగి తుపుక్కున ఊసింది.

"థూ! ఏమిది, దగ్గు మందా? దీనికి దుడ్లు గూడా తీసుకుంటాండావా అబ్బయ్యా?"

"బాగుండాది కదమ్మే, ఘాటుగా" అన్నాడు ఆయన.

"నీ నాలిక సచ్చిపొయింది. నా వంట గూడా బాగుండాదని ఏ పొద్దన్నా అన్నావా నువ్వు?"

"ఇట్ల ఘాటుగా సేస్తే అననా?"

ఇంక చూడండి! దారిన పోయేవాళ్ళంతా చుట్టూ మూగారు. మొగుడూ పెళ్ళాల్లో ఎవరిది న్యాయమో చెప్పాలంటే తాగి చూడాలి కదా! ఒకరొకరే పది పైసలు ఇచ్చి తాగి, కొందరు ఆమె పక్క, కొందరు ఆయన పక్క చేరారు. ఒకాయన తేల్చుకోలేక మళ్ళీ పోయించుకున్నాడు. గులాబి వైపు ఎవరూ చూడలేదు. దాన్ని గురించి ఎవరూ పోట్లాడుకోవడం లేదు మరి. బావ నా డొక్కలో పొడిచి, "సర్వే అంటే ఇదిరా" అన్నాడు.

ఆ గుంపులోంచి మా నాయన బయటపడ్డాడు. ఎప్పటి నుంచి చూస్తున్నాడో ఏమో. అందరిలాగే పది పైసలు నా చేతిలో పెట్టి, గ్లాసు అందుకుని, నిదానంగా తాగాడు. "ఎట్లుండాది నాయనా?" అన్నాను.

"అల్లం జాస్తి" అన్నాడు. రెండడుగులు వేసి, ఆగి, "సీసాలకు రేపే పోదాం. అల్లం మాత్రం తగ్గించబాక. తగ్గిస్తే ఎవురూ కొట్లాడుకోరు" అన్నాడు.

మా రాకెట్ నాలుగైదు వేసవులు బాగానే ఎగిరి, తర్వాత పెద్ద కంపెనీల సీసాల ముందు నిలవలేక దిగిపోయింది. నేను నూనె కొట్లోకే వచ్చి చేరాను, దానికిప్పుడు బెంగ లేదు. కానీ ఆ సాయంత్రం ఇంటికి పరుగెత్తి, వంటింట్లో ఉన్న అమ్మతో మొదలుపెట్టి కనబడిన ప్రతి ఒక్కరికీ, "ఒకామె నన్ను తిట్టింది, దగ్గు మందు అనింది!" అని పరీక్ష పాసైనవాడిలా చెప్పుకు తిరిగిన ఆ కుర్రవాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. తిట్లు తిని అంత సంతోషపడిన మనిషి మళ్ళీ నాకెక్కడా కనబడలేదు, అద్దంలో కూడా.