పేనుబంక సాక్ష్యం

ముప్పై ఏళ్లుగా నేను హేతువాద వేదికల మీద వాడిన వాక్యం ఒకటుంది: "ఒక ఒంట్లో ఒకే ప్రాణం." పూనకాల గురించి చర్చ వచ్చినప్పుడల్లా దాన్ని బయటికి తీసేవాణ్ణి. గుత్తిలో ఒక పూజారితో వాదం జరిగినప్పుడు బల్ల గుద్ది మరీ అన్నాను. ఇంకో మనిషికి చోటు యాడుందప్పా, గుండె పక్కనా, కాలేయం కిందనా అని అడిగితే జనం పగలబడి నవ్వారు. పూజారి కూడా నవ్వాడు. జనం నవ్వితే గెలిచినట్టే అనుకునే రోజులవి. ఊళ్లో అందరినీ రుజువులు అడిగినవాణ్ణి, ఆ వాక్యానికి మాత్రం ఎన్నడూ రుజువు అడగలేదు.

దాన్ని నేను ఎక్కువసార్లు ప్రయోగించింది మా అక్క మీద.

అక్కది గార్లదిన్నె దగ్గర పల్లె. బోరు కింద రెండెకరాల చీనీ తోట, అంటే బత్తాయి. బావ పోయిన మరుసటి ఏడాది నుంచి మంగళవారాలు ఆమెకు అమ్మవారు పూనుతుంది. అంతకుముందు ఇంట్లో ఆమె మాట విన్నవాళ్లు తక్కువ. ఇప్పుడు మంగళవారం పొద్దున వాకిట్లో పదిమంది కూర్చునుంటారు. ఒకరికి గొర్రె తప్పిపోయుంటుంది, ఒకరికి బోరు ఎండిపోయుంటుంది. ఆమె బతుకులో వచ్చిన ఆ తేడా నాకు తెలియక కాదు. తెలిసి కూడా పోయినప్పుడల్లా గొడవ పెట్టుకునేవాణ్ణి.

"మీదికి వచ్చేదానికి నువ్వేమన్నా గుర్రమా అక్కా?"

"మీద కాదప్పా, లోపల. ఎప్పుడూ లోపలే ఉంటాది. మంగళారం మాట్లాడతాది, అంతే."

ఈ ఏడాది అక్క కాలి వేలికి పుండు లేచింది. చీనీ ముల్లు గుచ్చుకుంది, షుగరున్న ఒళ్లు, మానలేదు. అనంతపురంలో డాక్టరు మాత్రలు రాసిచ్చి నన్ను పక్కకు పిలిచాడు. పది రోజులు ఒక్క పూట కూడా తప్పకూడదు, తప్పితే వేలు తీయాల్సి వస్తుంది, వేలితో ఆగుతుందని కూడా చెప్పలేను అన్నాడు. ఆ పది రోజులూ దగ్గరుండి వేయిద్దామని శుక్రవారం బట్టలు సర్దుకుని పోయాను. నా భయమంతా మంగళవారం గురించే. ఆ రోజు అమ్మ మాట్లాడి పోయేదాకా అక్క పచ్చి నీళ్లు కూడా ముట్టదు.

శనివారం తోటలోకి పోతే చీనీ చిగుళ్లు ముడుచుకుని ఉన్నాయి. పేనుబంక. చిగురు నిండా నల్లటి చిన్న పురుగులు, ఆకుల మీద జిగట, ఆ జిగట కోసం బారు కట్టిన చీమలు. వ్యవసాయ శాస్త్రం చదివిన అమ్మాయి ఒకామె మా సభలకు వస్తుంటుంది. ఫోను చేస్తే బండి మీద వచ్చి, చూసి, వేపనూనె కొట్టమంది. అంతటితో పంపించి ఉంటే బాగుండేది. నాకు ఆశ పుట్టింది. "మా అక్కకు ఈ పురుగు గురించి నాలుగు సైన్సు మాటలు చెప్పమ్మా" అన్నాను. మాటల్లో మాటగా పూనకం దాకా లాక్కుపోవచ్చని నా ఎత్తు.

అమ్మాయి సంచిలోంచి భూతద్దం తీసి ఇచ్చింది. చెట్టు నీడలో మంచం మీద కాలు చాపుకుని కూర్చున్న అక్క, చిగురు మీద అద్దం పెట్టి చాలాసేపు చూసింది.

"భూతద్దమంటిరి. భూతం కనపడలేదే?"

"దీంట్లో కనపడదు పెద్దమ్మా. అది లోపలుంటాది" అంది అమ్మాయి నవ్వుతూ.

నేను అప్పుడే ఆపాల్సింది.

ఈ పురుగు తాగేది ఆకు రసం, అందులో తీపి తప్ప సత్తువ లేదు అని మొదలుపెట్టింది. ఒంటికి కావలసిన సత్తువను తయారు చేసి పెట్టేది లోపల కాపురమున్న బ్యాక్టీరియా. దానికోసమే పురుగు ఒంట్లో గదుల్లాంటివి ఉంటాయి. బయట అది బతకదు. అది లేకపోతే పురుగు బాగుపడదు. తల్లి కడుపులోనే పిల్లలోకి చేరుతుంది. మనుషులు పుట్టకముందు నుంచీ ఈ రెండూ ఇట్లాగే ఉన్నాయి.

"తల్లి నుంచి బిడ్డకా?" అంది అక్క. మా అమ్మమ్మకు కూడా పూనేదని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. అది నాకు గుర్తొచ్చింది. ఆమెకూ గుర్తొచ్చినట్టే ఉంది. "లోపలిదాన్ని తీసేస్తే ఏమైతాదమ్మా?"

"మన పుండ్లకు వేస్తారే, అట్లాంటి మందు పట్టించి చూసినారు పెద్దమ్మా. లోపలిది చచ్చిపోయింది. పురుగు గిడసబారింది, సరిగ్గా పిల్లల్ని కూడా పెట్టలే."

అక్క అద్దం దించి నావైపు తిరిగింది.

"ఏమప్పా, ఒక ఒంట్లో ఒకే ప్రాణమంటివి?"

ఆ సాయంత్రం నేను మాత్ర, నీళ్ల చెంబు తీసుకుపోతే అక్క చెయ్యి చాపలేదు.

"లోపలిదాన్ని చంపే మాత్ర నాకొద్దు."

"అక్కా, అది పురుగు! దాంట్లో ఉండేది బ్యాక్టీరియా, అమ్మవారు కాదు!"

"అమ్మవారని నేను యాడంటి? నీది కంటికి కనపడకపోతే బ్యాక్టీరియా, నాది కనపడకపోతే అబద్ధమా?"

"దాన్ని పెద్ద యంత్రం కింద పెట్టి చూడొచ్చు."

"నువ్వు చూసినావా?"

"లేదు."

"చూసినోళ్లు చెప్తే నమ్మినావు. కానీ పో."

వాదంలో నేను ఓడిపోయింది అరుదు. ఆ రోజు ఓడిపోయానో లేదో కూడా తెలియలేదు. జవాబు లేక కాదు. తప్పిపోయిన గొర్రె యాడుందో బ్యాక్టీరియా చెప్పదు, అనుమానమున్నవాడు ఎవడైనా పరీక్షించి చూడొచ్చు, అమ్మవారు పరీక్షకు నిలవదు. ఇవన్నీ చెప్పాను, అరిచాను. కానీ నా వాక్యం తప్పు అన్న మాట అట్లాగే ఉండిపోయింది. ఒక అబద్ధాన్ని కొట్టడానికి ఇన్నాళ్లూ ఇంకో అబద్ధం వాడానా? ధైర్యం కోసం ఆ అమ్మాయికి ఫోను చేశాను. ఆమె ఉత్సాహంగా, కొన్ని పురుగుల్లో లోపలి బ్యాక్టీరియా మగదాన్ని ఆడదిగా కూడా మార్చేస్తుంది సార్ అంది. మరి అట్లాంటి పురుగు ఎవరి ఇష్టప్రకారం బతుకుతున్నట్టు? ఫోను పెట్టేసి మంచం మీద కూర్చున్నాను. ధైర్యం రాలేదు.

ఆదివారం కూడా మాత్ర పడలేదు. సోమవారానికి పుండు చుట్టూ ఎరుపు చీలమండ దాకా పాకింది. కాలు ముట్టుకుంటే కాలుతోంది. ఆస్పత్రికి పోదామంటే, మంగళారం దాటనీ అంది.

అప్పుడు ఒక మాట అన్నాను. "పురుగు చస్తే లోపలిది కూడా చస్తాది అక్కా. బయట అది బతకదని ఆ పిల్లే చెప్పింది."

అక్క నన్ను తేరిపార చూసింది. "లోపలిదొకటి ఉండాదని నీ నోటితో అంటాండావా?"

"పురుగులో."

"ఊఁ, పురుగులో" అని ఆమె నవ్వుకుంది. మాత్ర మాత్రం తీసుకోలేదు.

నేనన్న మాటలో అక్షరం అబద్ధం లేదు. కానీ ఆమె దాన్ని ఎట్లా అర్థం చేసుకుంటుందో తెలుసు, అట్లా అర్థం చేసుకోవాలనే అన్నాను. ఎదుటివాడు ఈ పని చేస్తే వేదిక మీద మోసం అనేవాణ్ణి. నేను చేసినదాన్ని ఏమనాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మంగళవారం పొద్దున వాకిలి నిండింది. ఎప్పుడూ ఆ వేళకు నేను తోటలోకి పోయేవాణ్ణి. ఆ రోజు అక్క కాలి గురించిన భయంతో గడప దగ్గరే కూర్చున్నాను. అక్క జుట్టు విప్పుకుని ఊగింది. ఒకామె బిడ్డ జ్వరం గురించి అడిగితే ఏదో చెప్పింది. ఉన్నట్టుండి ఊగడం ఆపి, నావైపు చెయ్యి చాపింది.

"ఏరా, మాత్ర యాడ?"

నేను పుట్టిన కాడి నుంచి మా అక్క నన్ను ఒక్కసారి కూడా "రా" అనలేదు. అప్పా అంటుంది, కోపమొస్తే అయ్యవారూ అంటుంది. గొంతు కూడా ఆమెది కాదనిపించింది. కాదనిపించడం రుజువు కాదని నాకు తెలుసు. వాకిట్లో అందరూ నావైపే చూస్తున్నారు. మాత్రల అట్ట శనివారం నుంచి నా చొక్కా జేబులోనే ఉంది. లేచి, ఒకటి నొక్కి, ఆ చేతిలో పెట్టాను. రెండు చేతులతో ఇచ్చానని తర్వాత వాళ్లు చెప్పుకున్నారు. నాకు గుర్తు లేదు.

మధ్యాహ్నం ఆస్పత్రికి తీసుకుపోయాను. డాక్టరు నన్ను తిట్టి, ఇంకో పది రోజులకు రాశాడు. వేలు నిలిచింది.

ఆ రోజు బస్సులో తిరిగి వస్తూ అడిగాను. "అక్కా, పొద్దున మాత్ర అడిగింది నువ్వేనా?"

"ఏ మాత్రప్పా?" అంది అక్క, కిటికీలోంచి చూస్తూ.

దీపాలు పెట్టే వేళకు, మాత్ర ఇవ్వడానికి నేను లేవకముందే చెయ్యి చాపింది.