ఆనివేక పొయ్యి మీది చిక్కుడు గింజలు

కెచర్ కుటుంబం ఇంట్లో ఎవరు బయల్దేరినా గుమ్మం దాటే ముందు వెనక్కి వెళ్లి స్టవ్ మీద చెయ్యి పెట్టి చూడాలి. చల్లగా ఉంటేనే ప్రయాణం. పెళ్లికైనా అంతే, పురిటికైనా అంతే. ఆ ఇంటి జెన్నీవా తల్లి పోయినప్పుడు శవపేటిక చర్చికి గంట ఆలస్యంగా చేరింది. మోసేవాళ్లు ఆరుగురూ ఇంటివాళ్లే కావడంతో ఒకరి తర్వాత ఒకరు వంటింట్లోకి వెళ్లొచ్చారు. పాస్టరు ఎందుకని అడగలేదు. ఓక్లహామాలోని అడెయిర్ కౌంటీలో కెచర్ల సంగతి కుక్కలకు కూడా తెలుసు.

దీనికంతటికీ మూలం ఆనివేక, జెన్నీవా అమ్మమ్మకు అమ్మమ్మ. 1838 వేసవిలో, జార్జియాలో రెండు వాగులు కలిసేచోట, ఆమె రొట్టెలోకి చిక్కుడు గింజలు పొయ్యి మీద పెట్టింది. అప్పుడే, చెరోకీ ఆదివాసులందర్నీ పడమరకు తరిమేస్తున్న సిపాయిలు తుపాకులతో వాకిట్లోకి వచ్చి నడవమన్నారు. గిన్నె దించి వస్తానంది. దించనివ్వలేదు. ఇల్లు పోయింది, పొలం పోయింది, తోవలో ఇద్దరు పిల్లలు పోయారు. వాటి గురించి ఆమె నోరు విప్పలేదట. ఇప్పటి ఓక్లహామా దాకా తొమ్మిది వందల మైళ్లూ ఒకటే మాట: "గింజలు మాడిపోతాయి."

ఆ మాట తల్లి నుంచి కూతురికి దిగుతూ వచ్చింది. జెన్నీవా తల్లి కూడా ఆఖరి రోజున ఆస్తి గురించి అడగలేదు, దేవుడి గురించి అడగలేదు. "ఎవరో ఒకరు వెళ్లి ఆ గిన్నె దించి రండే," అంది. జెన్నీవా దించుతానని చేతిలో చెయ్యి వేసింది. వేసి, బడి వంటశాలలో ముప్పై ఒక్క ఏళ్లు గరిటె తిప్పింది. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్లు. ఆకులు రాలే కాలంలో మోకాలు కోస్తామని, ఆ తర్వాత దూరాభారాలు నడవడం మర్చిపొమ్మని డాక్టరు చెప్పాడు. వెళితే ఈ వసంతంలోనే వెళ్లాలి, లేదంటే ఆ మాట చెల్లించకుండానే తల్లి పక్కన పడుకోవాలి.

"కార్లో రెండ్రోజులు అక్కా," అన్నాడు తమ్ముడు వుడ్రో.

"ఆవిడ నడిచి వచ్చిందిరా. నడిచే వెళ్లి దించాలి."

"నూట ఎనభై ఏళ్లు దాటింది. ఈపాటికి మాడే ఉంటాయిలే."

"మాడినా దించాలా వద్దా?"

వంట మనిషితో ఆ వాదన గెలిచినవాడు లేడు. వుడ్రో తన పాత ట్రక్కు తీశాడు. "మనవాళ్లు ఒకసారి నడిచారు, నా వంతు కూడా వాళ్లే నడిచేశారు," అని, నాలుగేసి మైళ్లు ముందుకు పోయి, చెట్టు కింద టోపీ ముఖాన వేసుకుని ఆమె వచ్చేదాకా నిద్రపోయేవాడు.

దారి పొడవునా ఆనాటి నడకకు స్మారక ఫలకాలు ఉన్నాయి. అన్నిటి మీదా బాణం పడమరకే. జెన్నీవా తూర్పుకు నడుస్తోంది. రోజుకో పుణ్యాత్ముడు కారు ఆపి, "మీరు దారి తప్పారమ్మా," అనేవాడు. ఆమె మొదట్లో వివరంగా చెప్పేది. అర్కన్సా దాటేసరికి ఓపిక పోయి, "స్టవ్ ఆపడం మర్చిపోయానయ్యా, ఇంటికి పోతున్నా," అనడం మొదలుపెట్టింది. అందరికీ అది వెంటనే అర్థమైంది.

మిజోరీలో నలభై మంది ఎదురుపడ్డారు. అంతా రిటైరైన తెల్లవాళ్లు, ఒకే రంగు చొక్కాలు, మెడలో ఈలలు. ఆనాటి కష్టాన్ని స్మరిస్తూ నడుస్తున్నారు. కాలిబాట సన్నం. వాళ్ల నాయకుడు ఈల ఊది ఆమెను ఆపాడు.

"అమ్మా, చెరోకీలు ఇటు నుంచి అటు వెళ్లారు. అటు నుంచి ఇటు కాదు."

"తెలుసు బాబూ. నేను వాళ్ల పిల్లనే."

"మరి తమకు తెలిసుండాలి కదా!"

పాపం, మంచివాడే. చరిత్ర అంతా చెప్పి, చెబుతూ చెబుతూ తానే ఏడ్చాడు. జెన్నీవా ఓదార్చాల్సి వచ్చింది. ఆయన ఆమె పాదానికి పొక్కుల పట్టీ ఇచ్చి, వాళ్ల నలభై మందికీ దారి ఇవ్వమన్నాడు. చెరోకీలు మరోసారి పక్కకు జరిగారు. ఈసారి పట్టీ అయినా దక్కింది.

జూన్ మూడో శనివారం జార్జియాలో ఆ రెండు వాగులు కలిసేచోటికి చేరింది. అక్కడ గోల్ఫ్ మైదానం ఉంది. మట్టికొట్టుకున్న ట్రక్కును గేటు దగ్గరే ఆపేశారు. జెన్నీవాను ఎవరూ ఆపలేదు. వంటశాలలో పనికి వచ్చిందనుకున్నారు.

వాగుల మధ్య, తల్లి చెప్పిన బల్లపరుపు బండ పక్కనే, ఆటగాళ్లకు తిండి అమ్మే చిన్న కొట్టు. లోపల మనిషి లేదు. జెన్నీవా అక్కడే నిలబడిపోయింది. ముందు కళ్లు చూడలేదు, ముక్కు చూసింది. మాడు వాసన. పొయ్యి మీద పెద్ద గిన్నెలో చిక్కుడు గింజలు అడుగంటుతున్నాయి.

కుంటుతూ పరుగెత్తింది. మెడలో రుమాలు చేతులకు చుట్టి గిన్నె దించింది, పొయ్యి కట్టేసింది.

ఫోనులో మాట్లాడుతూ ఒక అమ్మాయి పరుగున వచ్చింది. "ఎవరండీ మీరు? సభ్యులా?"

"మా అవ్వ ఇక్కడి మనిషి. మధ్యలో కొన్నాళ్లు రావడం కుదర్లేదు."

"అయ్యో, గింజలు మాడిపోయాయా?"

"అడుగునేనమ్మా. పైవి బాగానే ఉన్నాయి. పొయ్యి మీద పెట్టి ఎక్కడికీ పోకు. ఎవరు పిలిచినా సరే, దించి పో."

ఆ పిల్ల ఎందుకో తల ఊపి, ఒక కప్పు నింపి ఇచ్చింది. జెన్నీవా దాన్ని గేటు దాకా మోసుకెళ్లింది. వుడ్రో ట్రక్కు దిగాడు, టోపీ తీశాడు, ఒక చెంచా తిన్నాడు.

"ఉప్పు తక్కువ," అన్నాడు. "దించావా?"

"దించానురా."

చెంచా మార్చుకుంటూ ఇద్దరూ కప్పు ఖాళీ చేశారు. ట్రక్కు ఓక్లహామా వైపు తిరిగింది. టెనెసీ దాటాక వుడ్రో ఉలిక్కిపడి బ్రేకు వేశాడు.

"అక్కా, మార్చిలో బయల్దేరేటప్పుడు మనింట్లో స్టవ్ చూశావా?"

జెన్నీవా చేతిలోని ఖాళీ కప్పు పక్కన పెట్టింది.

"గుర్తులేదురా," అంది. సీటు వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది. "పోనీ."