మా ఇంటి కాఫీ గింజలు

మా ముత్తాత మూడు ఊళ్లకు మాలీ పటేలు. శిస్తు వసూలుకు ఆయన గుర్రం మీద బయలుదేరితే ఎదురైనవాళ్లు చెప్పులు చేతబట్టుకుని బాట పక్కకు తప్పుకునేవారట. అది మంచిదని నేననను, ఉండేదని మాత్రం చెబుతున్నాను. ఆయన కొడుకు, అంటే మా తాత, చింతతోపులో నులకమంచం వేయించుకుని ఊరి తగాదాలు తీర్చేవాడు. ఆయన తీర్పు కాదని పట్నం పోయి కోర్టు మెట్లెక్కినవాడు ఆ ఊళ్లో లేడు. చివరకు ఎక్కింది మేమే. కౌలు చట్టం వచ్చి కొంత భూమి దున్నేవాళ్ల పేర పోయింది, మిగిలినదాని మీద దాయాదులు దావా వేశారు, మా నాన్న ఇస్త్రీ చేసిన షేర్వానీ తొడుక్కుని వాయిదా వాయిదాకూ పట్నం పోయివచ్చేవాడు. ఇంట్లో తినడానికి లేని రోజు కూడా ఆ షేర్వానీకి గంజి తగ్గలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు తలకెక్కిందంటే, పోయిన ఆదివారం తెల్లాపూర్‌లో ఉన్న మా కొడుకు ఇంటికి వెళ్లాను. నేను చందానగర్‌లో కిరాయి ఇంట్లో ఉంటాను. వాడు పిలిస్తే పోతాను, ఉండిపొమ్మంటే మాత్రం ఉండను. కోడలు కడప పిల్ల, మాదాపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం. ఆ సాయంత్రం వంటింట్లో నిలబడి గోధుమరంగు కాయల మీద చాకుతో గాట్లు పెడుతోంది. గింజ నున్నగా, ఎర్రమట్టి రంగులో మెరుస్తూ, మా తోపు చింతగింజే బలిసి గుండ్రమైనట్టుంది. ఏమిటవి అని అడిగాను.

"చెస్ట్‌నట్స్ మామా. గాటు పెట్టకపోతే పేల్తాయంట. ఒకటి పేలి చూపిచ్చిందిలే ఇందాకనే."

వాటిని పక్కనున్న కాల్చే యంత్రంలో వేసి మీట నొక్కింది. కాసేపటికి పొట్టు మాడే వాసన ఇల్లంతా కమ్ముకుంది. అది ఆ కాయల వాసనే గాని, దాని అడుగున ఎక్కడో ఊళ్లోని మా పాత వంటింటి వాసన ఒకటి ఉంది. కోడలు కిటికీలన్నీ బార్లా తెరిచి, పక్క ఫ్లాటావిడను కూడా కేకేసి పిలిచింది. పళ్లెం నా ముందు పెట్టి, మీ చిన్నప్పుడు ఇట్లాంటివేమన్నా కాల్చుకుని తింటా ఉంటిరా మామా, అని అడిగింది. మా ఇంట్లో అట్లాంటి అలవాటు లేదమ్మా అన్నాను. అని, బాల్కనీలోకి పోయి కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే దూరాన అద్దాల మేడలు వరుసగా కనబడతాయి. ఎడమ చివరన నిలబడ్డ మేడ కిందే మా తోపు ఉండేది.

నా ఈడువాళ్లకు చింతపండు కొట్టే రోజులు గుర్తుండే ఉంటాయి. ఎండాకాలం మొదట్లో మా వాకిలి నిండా ఆడవాళ్లు కూర్చుని, చిన్న కర్రలతో కాయ పగలగొట్టి, ఈనె లాగి, గింజ తీసేవారు. పండు మాది, గింజ వాళ్లది. అది మా ముత్తాత నాటి నుంచి ఉన్న పద్ధతి. గింజను మా ఇంటి గడప దాటనిచ్చేవారు కాదు. ఆడుకోవడానికి నాలుగు గింజలు జేబులో వేసుకున్నానని మా నాయనమ్మ నా వీపు మీద ఒకటి వేసి, అవి మన ఇంట్లో తినేవి కావు, తినేవాళ్లకివ్వు అన్నది. వాళ్లు వాటిని కొంగులో మూటగట్టుకుపోయి వానాకాలమంతా వేయించుకుని తినేవారు. ఆ ఆడవాళ్లందరిలోకి పెద్దది ఒక ముసలమ్మ ఉండేది, చెయ్యి చురుకైనది, నోరు అంతకన్నా చురుకైనది. ఆమె కొడుకు బోరబండ వైపు రాయి కొట్టే పనికి పోయి, మేస్త్రీ అయి, ఆ తర్వాత తానే బండ గుత్తకు తీసుకుని బాగుపడ్డాడు. ఊరి ఆడవాళ్లు కూడా ఒక్కొక్కరే ఆ బండకు కూలికి పోయారు. మా వాకిట్లో గింజ కోసం కూర్చునేవాళ్లు లేకుండాపోయారు.

ఆ ఏడు చింతపండు మా అమ్మా నాయనమ్మా తలుపులు వేసుకుని కొట్టారు. పండు పట్నం పోయింది. గింజ ఇంట్లో మిగిలింది. జొన్నలు అడుగంటాక, ఒకరోజు నాయనమ్మ పొయ్యి మీద మంగలం, అంటే వేపుడు కుండ, పెట్టించి అందులో ఇసుక పోయించింది. మా అమ్మ గింజల చాట తెచ్చి పక్కన పెట్టింది.

ఆ వేయించడం చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడది తెలిసినవాళ్లు తగ్గిపోయారు. ఇసుక కాగాలి, మరీ కాగితే గింజ పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. గింజ వేసి పాత చీపురు కట్టతో తిప్పుతుంటే ముందు చిటపటలు మొదలవుతాయి, ఒకటీ అరా ఎగిరి నేల మీద పడతాయి, పొట్టు నల్లబడి పగుళ్లిస్తుంది. అప్పుడు దింపి, జల్లెడ పట్టి, రోకలితో మెల్లగా దంచితే పొట్టు రాలి లోపలి పప్పు బయటపడుతుంది. అది రాయి. ఉప్పునీళ్లలో రాత్రంతా నానితే తప్ప పంటికి లొంగదు, లొంగినా పట్టుగా దవడకు పని చెబుతూనే ఉంటుంది. అదే దాని గుణం. నోరు ఆడుతున్నంతసేపు కడుపు అడగదు. వేయించేటప్పుడు నాయనమ్మ కిటికీ సందుల్లో పాతచీరలు కుక్కించేది. కాని వాసనను ఆపిన చీర ఎక్కడా లేదు.

ఒకరోజు ఆ ముసలమ్మ మా గోడ పక్క నుంచి పోతూ ఆగింది.

"ఏందో వేపుతున్నట్టున్రు దొర్సానీ. వాసన బజార్ల దాక వస్తున్నది."

నాయనమ్మ లోపలి నుంచే, గొంతు ఏమాత్రం తగ్గించకుండా, కాఫీ గింజలు అన్నది. మా ఊళ్లో చాయ్ తాగేవాళ్లే తక్కువ. కాఫీ అనేది నాయనమ్మ ఎప్పుడో తాతతో పట్నం పోయినప్పుడు ఎవరో మద్రాసు అధికారి ఇంట్లో ఒక్కసారి తాగింది.

"అట్లనా. పెద్దోళ్ల తిండ్లు మాకేమెరుక తల్లీ," అని ముసలమ్మ నవ్వుకుంటూ పోయింది. ఏళ్లతరబడి ఆ గింజ వేయించిన మనిషికి ఆ వాసన తెలియకపోవడమేమిటి?

ఆ చలికాలంలోనే ఆమె కొడుకు మా ఇంటికి వచ్చాడు. అప్పట్లో మా చుట్టుపక్కల ద్రాక్షతోటల పిచ్చి పట్టుకుంది, అతనికీ తోట పెట్టాలని. మాకు మిగిలినవి వానకు పండే ఒక చెలక, దానిని ఆనుకుని చింతతోపు. చెలక ఇస్తాను, తోపు ఇవ్వను అన్నది నాన్న మాట. తోపు మా తాత కూర్చున్న చోటు. అదొక్కటి ఉంటే మేమింకా ఆ ఊరివాళ్లం. అది పోతే ఆ ఊళ్లో ఉన్నవాళ్లం మాత్రమే. చింతనీడన ద్రాక్ష పెరగదని అతను రెండుసార్లు వచ్చి చెప్పిచూశాడు, నాన్న కదలలేదు. మూడోసారి వచ్చినప్పుడు మెత్తబడి, సరే, చెలకనే ఇయ్యిండ్రి పటేలా, అన్నాడు. నాన్న ముఖంలో చాలా రోజులకు రక్తం కనబడింది. ఇక కాగితం రాసుకోవడమే అనుకుంటుండగా అతను అరుగు మీద సర్దుకుని కూర్చుని ఒక మాటన్నాడు.

"మీ ఇంట్ల కాఫీ తాగుతరటగద పటేలా. మా అమ్మ చెప్పింది. నేనెన్నడు తాగలే."

అది ఉచ్చో, నిజంగానే అడిగాడో నాకు ఇన్నేళ్లయినా తేలలేదు. లేదని చెప్పడం మా నాన్నకు చేతకాని పని. ఆయన లోపలికి చూశాడు. నాయనమ్మ మంగలం అడుగున మాడిన గింజలు ఏరించి, తిరగలిలో విసిరించి, బెల్లం వేసి మరిగించి, ఇంట్లో మిగిలిన ఒకే ఒక వెండిగ్లాసులో పోసి మా అమ్మ చేత నాన్నకు అందించింది. నాన్న స్వయంగా తీసుకుపోయి అతని ముందు పెట్టాడు. ఆ ఇంట్లో అతని తల్లికి దోసిట్లో తప్ప గ్లాసులో నీళ్లు పోసినవాళ్లు లేరు. ఆ సంగతి ఆ రోజు మాకెవరికీ తట్టలేదు, అతనికి తట్టే ఉంటుంది.

అతను మెల్లగా, చివరి చుక్క వరకు తాగాడు. గ్లాసు కింద పెట్టాడు.

"మా అమ్మ గూడ గిట్లనే కాస్తుండె పటేలా. ఉప్పేసి కాస్తుండె. బెల్లం యాడిది మాకు."

ఎగతాళి చేసినా బాగుండేది. జాలిగా అన్నాడు. ఆ మాటతో మా జొన్నల గాదె, మా అటక, షేర్వానీ మడతలు, అన్నీ అతను తలుపు తీసి చూసినట్టయింది. ఆ తర్వాత అతని గొంతే మారింది. తోపు గూడ రాయిండ్రి, లేకుంటే వద్దు, అన్నాడు. తన మాట కాదంటే మేము ఎన్నాళ్లు నిలబడగలమో అతనికిప్పుడు తెలుసు. నాన్న కనీసం ఈ ఏటి కాయ మాకు వదలమన్నాడు. అడగడమన్నది ఆయన నోట నేను విన్నది అదొక్కసారే.

"కాయ గూడ పటేలా," అన్నాడతను, నేల చూపులు చూస్తూ.

మోసం చేసి ఉంటే కోర్టుకు పోయేవాళ్లం, అది మాకు అలవాటైన పనే. అతను మోసం చేయలేదు. అతను పోయాక నాయనమ్మ ఆ గ్లాసును తానే తోమి, బోర్లించి, ఆ పిలగానికి కాఫీ నచ్చిందంటనా, అని నాన్నను అడిగింది. నచ్చిందన్నాడు నాన్న. నాయనమ్మ పోయేదాకా మా ఇంట్లో దానిపేరు కాఫీయే. ఆమె తప్పు చేసిందని మా కొందరు చుట్టాలంటారు, మొదటే గింజలని ఒప్పుకుంటే అతను కాఫీ అడిగేవాడూ కాదు, తోపూ మిగిలేదని. నేనాయమ్మ మనవణ్ని. ఆమె స్థానంలో నేనున్నా కాఫీ అనే అంటాను.

ద్రాక్షతోట పోయింది, ప్లాట్లు వచ్చాయి, ప్లాట్ల మీద అద్దాలు వచ్చాయి. ఇప్పుడు చందానగర్ బజారులో చింతగింజల పొడి సీసాల్లో పెట్టి మోకాళ్ల నొప్పులకని అమ్ముతున్నారు. మా కోడలే ఒక సీసా నాకు తెచ్చిపెట్టింది, అందరూ చూస్తుండగా, గర్వంగా. ఆకలికి తిన్నప్పుడు కిటికీలు మూసుకున్నాం, ఆకలి పోయాక తెరుచుకున్నాం, మారిందంతా అంతే అనిపిస్తుంది. ఆ ఆదివారం వాళ్లందరూ లోపల నవ్వుకుంటూ ఉండగా పళ్లెంలోంచి నాతో తెచ్చుకున్న ఒక కాయ నోట్లో వేసుకున్నాను. మెత్తగా, తియ్యగా, పంటికి పనేమీ లేకుండా కరిగిపోయింది.

తోపులోని చింతచెట్లు ఆ చలికాలమే పడ్డాయి. కొమ్మలు ఇటుకబట్టీలకు, మొదళ్లు పట్నంలోని మాంసం దుకాణాలకు నరికే మొద్దులుగా పోయాయి. కాయ ఇంకా పచ్చిగానే ఉండింది. దానితో సహా అమ్మాము.