జరిపి కుట్టిన హుక్కు

మొన్న సోమవారం పొద్దున్నే టీచరమ్మ కూతురు ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ ఎల్లిపోనాది" అని మాత్రం అంది. వెనక చర్చి ఆడవాళ్ళు పాట అందుకోవడం వినిపించింది. జాకెట్టు గుడ్డ కత్తిరిస్తున్నదాన్ని, సగంలో కత్తెర వదిలేసి అలాగే కూర్చుండిపోయాను.

ఆవిడ నాకు కుట్టు నేర్పిన టీచరమ్మ. చీపురుపల్లి అవతల మా ఊళ్ళో, బాప్టిస్టు చర్చి పక్కన రేకుల గదిలో ఐదు మిషన్లు పెట్టుకుని ముప్పై ఏళ్ళు ఊరి ఆడపిల్లలకి పని నేర్పింది. నేను పదో తరగతి తప్పి ఇంట్లో ముడుచుకుని ఉంటే మా అమ్మ తీసుకెళ్ళి అప్పజెప్పింది. మాది గుడికి వెళ్ళే ఇల్లు, ఆవిడది ప్రార్థన చేసుకునే ఇల్లు. క్రిస్మస్‌కి ఆవిడ చేసిన అరిసెలు మా ఇంటికి వచ్చేవి, మా కొత్త బియ్యం వాళ్ళింటికి వెళ్ళేవి.

గదిలో సూది కింద పడితే చాలు, మిషన్లన్నీ ఆగిపోయేవి. "దొరికీదాకా ఎవులూ లెగొద్దు. సిన్న పిల్లలు తిరిగే నేల" అని తనే ముందు మోకాళ్ళ మీద వంగేది. వంకర కుట్టు వేసి ఏడిస్తే, "విప్పడం కూడా పనేనే అమ్మీ, అదీ నేర్సుకో" అనేది. ఆ మాటతోనే నేను బతుకు నిలబెట్టుకున్నాను. ఈ రోజు నాకు సొంత షాపు ఉందంటే అది ఆవిడ పుణ్యం.

నాడా నడుం కోస్తుందని టీచరమ్మ తన లంగాలకి పట్టీ వేసి, పక్కన హుక్కు పెట్టుకునేది. చూపు మందగించాక ఆ హుక్కులు నేనే కుట్టేదాన్ని. పోయిన ఏడాది వానలు తగ్గాక ఒక లంగా పట్టుకుని షాపుకి వచ్చింది. ఎవరూ వినకుండా దగ్గరికి జరిగి, "హుక్కు అంగుళం జరుపే. కడుపు ఉబ్బిపోతన్నాది. నాలుగు రోజులై దొడ్డికి సరిగా అవ్వలేదు" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. వాము నీళ్ళు తాగమన్నాను. ఇసబ్గోలు పొట్టు తెప్పించి ఇచ్చాను. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు గ్యాసు బిళ్ళలు ఇచ్చాడు.

నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఈసారి నేనే వేళాకోళం ఆడాను. "ఒల్లు సేస్తన్నారు టీచరమ్మా!"

"ఒల్లెక్కడిదే? సేతులు సూడు" అని చెయ్యి పైకెత్తింది. గాజులు మోచేతి దాకా జారిపోయాయి. "పొట్టొక్కటే. రెండు ముద్దలు తింతే సాలు, గొంతు దాకా నిండిపోతాది."

నేను విన్నాను. ఆ గాజులు జారడం కళ్ళారా చూశాను. చూసి, హుక్కు ఇంకో అంగుళం జరిపి కుట్టి ఇచ్చాను.

మూడోసారి కుట్టాక, "ఒకసారి విజయనగరం ఎల్లి సూపించుకోండి" అన్నాను. ఆవిడ తల దించుకుంది. "దొడ్డికి అవ్వట్లేదని డాక్టరు ముందు కూకుని ఏటని సెప్తానే? సిగ్గు కాదేటి? మన కుట్టు పిల్లల పరీక్షలు అవ్వనీ." నేను మళ్ళీ అడగలేదు. పండగ జాకెట్లు గుట్టగా పడి ఉన్నాయి.

పరీక్షలయ్యేసరికి ఆవిడ కూర్చుంటే ఆయాసపడుతోంది. కూతురూ నేనూ విశాఖ తీసుకెళ్ళాం. స్కానింగ్‌లో పొట్ట నిండా నీరు, అండాశయంలో గడ్డ. అది అప్పటికే పాకిపోయింది. పెద్ద డాక్టరమ్మ మమ్మల్ని పక్కన కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది.

"ఉబ్బరం, మలబద్ధకం చాలామందికి వచ్చి పోతుంటాయి. అవన్నీ ఇదే అనుకుని భయపడక్కర్లేదు. కానీ రోజూ అలాగే ఉండి మూడు వారాలు దాటినా పోకపోతే, కొంచెం తిన్నా కడుపు నిండిపోతుంటే, మాటిమాటికీ ఒంటేలుకి వెళ్ళాల్సి వస్తుంటే, పొడులు వాడుకుంటూ కూర్చోకూడదు. యాభై దాటిన ఆడవాళ్ళయితే మరీను. పొట్ట స్కానింగు, రక్తపరీక్ష చేయించుకోవాలి. మలంలో నెత్తురు పడినా, ఒళ్ళు తగ్గిపోతున్నా ఒక్కరోజు కూడా ఆగకూడదు."

"ముందే తెస్తే బతికేదా అండీ?" అని అడిగాను.

"అది ఎవరూ కచ్చితంగా చెప్పలేరమ్మా. చెయ్యడానికి మాకు ఇంకా దారులుండేవి."

ఆపరేషన్ అయింది. మందు ఎక్కించారు. జుట్టు ఊడిపోయింది. కొన్నాళ్ళు కోలుకుని మళ్ళీ గదికి వచ్చి పిల్లల పక్కన కూర్చుంది కూడా. నన్ను ఒక్క మాట అనలేదు. ఒకరోజు ఆగలేక నేనే, "నాను అప్పుడే లాక్కెల్లుంటే బాగున్ను టీచరమ్మా" అన్నాను. "ఒల్లు నాది కదే అమ్మీ, నీదేటి తప్పు" అని నా నెత్తి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువే లేదు. ఈ మధ్య మిషను తొక్కుతూ ఉండగా ఉన్నట్టుండి అది నెత్తి మీద ఉన్నట్టు అనిపిస్తుంది. తొక్కడం ఆపేస్తాను.

ఇప్పుడు ఎవరైనా నడుం దగ్గర లూజు చెయ్యమంటే, సిగ్గు పడకుండా అడుగుతున్నాను. ఎన్నాళ్ళ నుంచి? తిండి సరిగా తింటున్నావా? దొడ్డికి సరిగా అవుతోందా? మా వీధి వదిన ఒకామె నా పోరు పడలేక స్కానింగూ రక్తపరీక్షా చేయించుకుంది. గడ్డలేమీ లేవు, థైరాయిడ్ అని తేలింది. "అనవసరంగా బెంగెట్టీసినావు" అని నన్ను తిట్టింది. ఎంత హాయిగా ఉందో ఆ తిట్టు.

నిన్న టీచరమ్మ కూతురు ఒక బైండు పుస్తకం తెచ్చి ఇచ్చింది. "అమ్మ కొలతల బుక్కు అక్కా, నీ దగ్గిరుంచు." పేజీకో పేరు, ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఉన్నారు. చివరి పేజీ పైన "నేను" అని రాసుంది. కింద, నడుం ముప్పై నాలుగు. దాని కింద ముప్పై అయిదు. దాని కింద ముప్పై ఆరు. నా దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ముందు ఇంట్లో తనే కొలుచుకుందన్నమాట.

నాలుగో వరసలో "నడుం" అని ఉంది. పక్కన అంకె లేదు. పెన్ను ఆనించి ఆగిపోయినట్టుంది, ఒక సిరా చుక్క కాగితంలోకి పాకి ఉంది.