సాన మీద నలుపు

మా టీచరు పోయారని శుక్రవారం పొద్దున ఆవిడ భర్త మెసేజ్ పెట్టారు. చదవగానే నాకు ఏడుపు రాలేదు. ఈ కబురు నాకంటే ముందు వాళ్లింటి రమణమ్మకు చేరిందేమోనన్న అనుమానం వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఆవిడ గురించి రాస్తూ ఇది దాచలేను.

ఆవిడ చైనా చిత్రకారిణి. ఇక్కడ గల్ఫ్‌లో, జాబ్రియాలో మా వీధి చివరే ఇల్లు. పల్చటి కాగితం నేల మీద పరిచి, వట్టి కాళ్లతో చుట్టూ తిరుగుతూ నల్ల సిరాతో బొమ్మలు వేసేవారు. వాటిలో కొండా ఉండదు, పిట్టా ఉండదు. మిగతా వేళల్లో మెళ్లో కెమెరా. ఎండ మండిపోతున్నా ఫ్లాస్కులో వేడినీళ్లే తాగేవారు. విజయవాడలో ఇంజనీరింగ్ చదివి ఇక్కడ ఖాళీగా కూర్చున్న నాకు మూడేళ్లు ఓపిగ్గా కుంచె పట్టడం నేర్పారు. నా బొమ్మ చూపిస్తే తల పక్కకు వంచి, "చాలా మాట్లాడుతున్నావు," అనేవారు. నేను నోరు విప్పితే ఒట్టు! అంటున్నది బొమ్మనని తెలియడానికి నెల పట్టింది.

ఆవిడ సీసాలో సిరా వాడరు. నల్లటి సిరా కడ్డీని రాతి సాన మీద నీళ్లతో అరగదీయాలి. ఆ పని ఒక్కసారి నాకిస్తే చాలనుకున్నాను. ఇచ్చింది రమణమ్మకి. రాయచోటి నుంచి వచ్చి ఆ ఇంట్లో పనిచేసే మనిషి, చిన్నప్పటి నుంచీ గంధం తీసిన చెయ్యి. "నొక్కగూడదక్కా. దాని బరువు అదే సూసుకుంటాది," అని పైగా నాకే పాఠం. నాకు ఒళ్లు మండేది.

ఆమె మేడ మీద తడిబట్ట పెడుతుంటే, ఆ తడి ఎండకు ఇగిరిపోయేలోపు టీచరు ఫోటోలు తీసేవారు. పూర్తిగా ఆరగానే "ఖలాస్" అని ఇద్దరూ నవ్వుకునేవారు. ఆ ఫోటోలు ప్రదర్శనలో గోడకెక్కాయి. నా బొమ్మలు మంచం కిందకి వెళ్లాయి.

ఒకరోజు రమణమ్మ అటు వెళ్లగానే సానలో నేను తెచ్చిన సీసా సిరా ఒంపేశాను. బొమ్మ చెడితే తిట్లు ఆమెకే పడాలని. టీచరు ఒక్క గీత గీసి ఆగిపోయారు. రమణమ్మను ఏమీ అనలేదు. సాన కడిగి తెచ్చి, "నువ్వు కష్టపడతావు. కానీ ఓపిగ్గా కాచుకుని కూర్చోవు," అన్నారు నాతో. మర్నాడు క్లాసుకు ఎప్పటిలాగే రమ్మన్నారు. ఆ మంచితనానికి ఈరోజుకీ రుణపడి ఉన్నాను.

ఆవిడ పోయాక వాళ్లాయన కుంచెలు నాకిచ్చి, సాన రమణమ్మకిచ్చారు. నవ్వుమొహం పెట్టుకుని ఇంటికొచ్చాను. మర్నాడు ఆమే సాన పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"నేనేం జేసుకునేదక్కా దీన్ని? నువ్వు బొమ్మలేస్తావు గదా."

వద్దనాలి. గబుక్కున అందుకున్నాను.

నిన్న గంటసేపు అరగదీస్తే బూడిద రంగు నీళ్లే వచ్చాయి. చివరికి ఆమెకే ఫోన్ చేశాను. వచ్చి కింద కూర్చుని మెల్లగా తిప్పింది. ఆ చేతుల్ని చూస్తే మళ్లీ అదే కుళ్లు. నలుపు చిక్కబడింది.

"మామా ఉంటే ఈపాటికి కుంచె ముంచుండేదక్కా," అంది. ఇక్కడ ఇళ్లలో పనిచేసేవాళ్లు యజమానురాలిని అలాగే పిలుస్తారు.

నాకు ముంచడానికి చెయ్యి రాలేదు. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. సిరా అంచుల నుంచి ఎండుతూ వచ్చి, నడిమి మెరుపు కూడా పోయింది.

"ఖలాస్," అంది రమణమ్మ. ఈసారి నవ్వడానికి ఆవిడ లేరు.