అర మీటరు నీలం గుడ్డ

కుట్టడానికిచ్చిన గుడ్డలో మిగిలింది టైలర్ తిరిగి ఇచ్చాడని ఎవరైనా చెబితే నమ్మకండి. అమీర్‌పేటలో అయితే అసలే నమ్మకండి. మైత్రీవనం వెనక సందులో, రెండు కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కున్న దుకాణంలో అంబదాసు నలభై ఏళ్లుగా కుడుతున్నాడు. ఆ నలభై ఏళ్లలో అతను తిరిగి ఇచ్చిన గుడ్డంతా కలిపినా ఒక చేతిరుమాలుకు చాలదు.

సిరిసిల్లలో మగ్గాల మధ్య పుట్టినవాడు కాబట్టి గుడ్డ విలువ తెలుసు. పీలిక కూడా పారేయడు. వాళ్లింట్లో దిండ్ల గలీబులు, భార్య విజయరాణి కూరగాయల సంచీ, కుక్కర్ పట్టుకునే మసిగుడ్డ, అన్నీ ఒకప్పుడు ఎవరివో ప్యాంట్లూ కోట్లూ కావలసినవే. అది దొంగతనమని అతనికి ఏనాడూ తోచలేదు. ఒడుపుగా కత్తిరించి మిగిల్చాక ఆ మిగిలింది కత్తెర పట్టినవాడిదేనని అతని వాదన. వాదించడానికి ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి ఎప్పుడూ అతనే నెగ్గేవాడు.

పంజాగుట్టలో ఉండే కమలకుమారి గారి అమ్మాయి హైందవికి మూడో తరగతి నుంచీ స్కూలు యూనిఫారాలు అతనే కుట్టాడు. ఆ పిల్ల పెద్దదై గోల్ఫ్ నేర్చుకుంది. గోల్ఫ్ గురించి అంబదాసుకు తెలిసిందల్లా ఆ ఆట ఆడేవాళ్ల ప్యాంట్లకు జేబులు లోతుగా ఉండాలన్నదే. అలాంటిది, ఆడవాళ్ల ప్రపంచ అమెచ్యూర్ జట్టు పోటీకి మన దేశం తరఫున వెళ్లే ముగ్గురిలో హైందవి ఒకతె అని తెలిసిన రోజున సందులో అందరికీ మిర్చీ బజ్జీలు పంచింది అతనే.

ఆరంభ సభలో ముగ్గురూ ఒకే నీలం రంగు కోట్లు వేసుకోవాలట. గుడ్డ గోల్ఫ్ సంఘం ఆఫీసు వాళ్లే ఇస్తారు, ఎవరి ఊళ్లో వాళ్లు కుట్టించుకోవాలి. ఖైరతాబాద్‌లోని ఆఫీసులో బట్టలు చూసుకునే కనకయ్య అనే పెద్దాయన రెండున్నర మీటర్లు కొలిచి, కోసి, కాగితంలో చుట్టి ఇచ్చాడు. హైందవి దాన్ని తెచ్చి అంబదాసు బల్ల మీద పెట్టింది.

ఎంత మంచి గుడ్డ! చేతిలోకి తీసుకోగానే అంబదాసుకు మనవడు చింటు గుర్తొచ్చాడు. వాడికి స్కూల్లో వార్షికోత్సవం ఉంది. చేతుల్లేని కోటు వేసుకుని రావాలన్నారు. అంబదాసు సుద్దతో గీసిన గీతలు చెరిపి, ముక్కల్ని ఇంకా దగ్గరగా జరిపి మళ్లీ గీశాడు. మామూలుగా కుట్టు లోపల రెండు వేళ్ల వెడల్పు గుడ్డ వదులుతాడు, రేపు మనిషి ఒళ్లు చేస్తే విప్పి వదులు చేయడానికి. ఈసారి అర వేలు కూడా వదల్లేదు. అర మీటరు మిగిలింది. చింటు కోటు వారంలో తయారైంది.

"ఏడికెల్లి తెచ్చినవ్ గింత మంచి బట్ట?" అని విజయరాణి అడిగింది.

"మిగిలింది" అన్నాడు.

విమానం ఎక్కడానికి మూడు రోజుల ముందు హైందవి ఆ కోటు పట్టుకుని దుకాణానికి వచ్చింది. కోటు కుట్టించుకున్న ఈ మూడు నెలలూ పొద్దస్తమానం సాధన చేసిందేమో, భుజాలు వెడల్పయ్యాయి.

"అంకుల్, బొత్తాలు పెడితే వీపు దగ్గర పట్టేస్తోంది. కొంచెం లూజ్ చేసిస్తారా?"

అంబదాసు కోటు తిరగేశాడు. లోపల ఏముందో అతనికి తెలుసు, అయినా వెతుకుతున్నట్టు కుట్టు వెంబడి వేలు నడిపాడు. ఇస్త్రీకి తెచ్చిన చింటు కోటు అతని వెనకే హ్యాంగరుకు వేలాడుతోంది. జరిగి దానికి అడ్డంగా నిలబడ్డాడు.

"లోపల ఏం లేదు బిడ్డా. ఆఫీసోళ్లు గుడ్డనే తక్కువిచ్చిన్రు. నేనేం జేయాలె?"

"అయ్యో, మీరేం చేస్తారు అంకుల్. బొత్తాలు పెట్టుకోనులెండి" అని నవ్వేసి వెళ్లిపోయింది. ఒక్క మాట కూడా అనకుండా నమ్మేయడమే అతన్ని పొడిచింది.

ఆరంభ సభ ఫొటో విజయరాణి ఫోన్‌లోకి వచ్చింది. ముగ్గురు అమ్మాయిలు, వెనక జెండా. ఇద్దరి కోట్లు ఒంటికి అతికినట్టున్నాయి. హైందవి మాత్రం రెండు అంచులనూ ఎడమచేత్తో దగ్గరకు పట్టుకుని నిలబడింది.

"గీ పిల్ల ఒక్కతే బొత్తాలు ఎందుకు పెట్టుకోలే?"

"ఫ్యాషన్ కావచ్చు" అన్నాడు అంబదాసు. అని, ఫోన్ భార్య చేతిలో పెట్టేసి, దారం లేని మిషన్ ముందు కూర్చుని కాసేపు తొక్కాడు.

పోటీ నాలుగు రోజులు జరిగింది. రోజూ ముగ్గురూ ఆడతారు, అందులో తక్కువ దెబ్బలతో ముగించిన ఇద్దరివే జట్టుకు కలుపుతారు. చివరి రోజున ఒకమ్మాయికి ఆట బొత్తిగా కుదరలేదు. అందుకని హైందవి స్కోరు కలపక తప్పలేదు. ఆ రోజే హైందవి తన తప్పు తనే చెప్పి అదనపు దెబ్బల జరిమానా వేయించుకుందనీ, జట్టు ఒకే ఒక్క దెబ్బ తేడాతో మూడో స్థానం పోగొట్టుకుని నాలుగో స్థానంలో ఆగిందనీ పేపర్లో వచ్చింది. కొట్టబోతుంటే పచ్చికలో తన వల్ల బంతి కాస్త కదిలిందట. ఎవరూ చూడలేదట. 'నిజాయితీకి నిలువుటద్దం' అని పెద్ద అక్షరాలతో వేశారు.

అంబదాసు ఆ ముక్క మూడుసార్లు చదివాడు. తల కొట్టేసినట్టయింది. తను కుట్టిన బట్టలు తొడుక్కుని పెరిగిన పిల్ల! ఎవరూ చూడని తప్పు తనంతట తను ఒప్పుకుంది. నలభై ఏళ్ల టైలర్ మాత్రం మనవడి కోటుకు అడ్డం నిలబడి అబద్ధమాడాడు.

హైందవి తిరిగొచ్చిన వారానికి చింటు కోటును సంచిలో పెట్టుకుని పంజాగుట్ట వెళ్లాడు. బాగా ప్రాక్టీసు చేసుకునే వెళ్లాడు, ఏ మాట తర్వాత ఏ మాట చెప్పాలో. కమలకుమారి గారు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, అతను నోరు తెరిచే లోపే మొదలుపెట్టింది.

"మీరు గుడ్డ తక్కువిచ్చారన్నారు చూశారా, నేను ఊరుకోలేదండీ. ఆ కనకయ్యకి ఫోన్ చేసి నాలుగు దులిపేశాను. దేశం తరఫున వెళ్లే పిల్లకి కొలత కూడా సరిగ్గా చూడరా అని. పాపం ఏమీ అనలేదు, తప్పయిపోయిందమ్మా అన్నాడు."

అంబదాసు కాఫీ కప్పు టీపాయ్ మీద పెట్టేశాడు. అబద్ధం తన దుకాణంలోనే ఆగిపోయిందనుకున్నాడు ఇన్నాళ్లూ. అది ఖైరతాబాద్ దాకా వెళ్లి ఒక ముసలాయన చేత తప్పు ఒప్పించిందని ఇప్పుడు తెలిసింది.

అంతలో హైందవి వచ్చి పక్కన కూర్చుంది. ఏం చెప్పాలో తోచక, "పేపర్ల చదివిన బిడ్డా. మస్తు మంచి పని చేసినవ్" అన్నాడు.

ఆ పిల్ల మొహం ఎర్రబడింది.

"పేపర్లో సగమే రాశారంకుల్. బంతి కదిలిన వెంటనే చెప్పి, వెనక్కి పెట్టి ఆడుంటే ఒక్క దెబ్బే కలిపేవాళ్లు. నేను చెప్పలేదు. అలాగే కొట్టేసి, ఇంకో రెండు హోల్స్ ఆడాను. అప్పుడు ఉండబట్టలేక చెప్పాను. కదిలిన చోటి నుంచే కొట్టేసినందుకు రెండు కలిపారు. ఆ రెండోదే మా మూడో స్థానం తీసింది. మిగతా ఇద్దరూ నన్నేమీ అనలేదు. అందుకే వాళ్ల మొహం చూడలేకపోతున్నాను."

రెండు హోల్స్ అంటే అరగంట అనుకోండి. అంబదాసు మూడు వారాల పైన మోశాడు. ప్రాక్టీసు చేసిన మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. సంచిలోంచి చింటు కోటు తీసి టీపాయ్ మీద పెట్టాడు.

"గుడ్డ తక్కువియ్యలే బిడ్డా. గిదిగో గుడ్డ. నేనే తీసుకున్న."

ఆ బుల్లి కోటు బొత్తాలన్నీ చక్కగా పెట్టి ఉన్నాయి. హైందవి దాన్ని చూసి తల వంచుకుంది. కమలకుమారి గారు మటుకు చెంపలు పట్టుకుంది.

"అయ్యో, ఆయన్ని ఎన్నేసి మాటలన్నానండీ! నేను ఫోన్ చేసి క్షమించమంటాను, అది నా తప్పు. మీ తప్పు మాకు చెప్తే ఏం లాభం? ఆయనకి చెప్పండి."

గట్టిగా అనలేదు. గట్టిగా అన్నా బాగుండేది.

పంజాగుట్ట నుంచి ఖైరతాబాద్‌కు నడిచే వెళ్లాడు. బస్సెక్కితే తొందరగా చేరిపోతానని భయం. ఆఫీసు వెనక గదిలో కనకయ్య బట్టల కట్టల పక్కన ఉత్తచేతులతో కూర్చుని ఉన్నాడు. బల్ల దగ్గర మహిపాల్ అనే గుమాస్తా గుడ్డ కొలుస్తున్నాడు.

"కనకయ్యన్నా, గోల్ఫ్ పిల్ల కోటు కుట్టిన టైలర్‌ను" అన్నాడు అంబదాసు.

కనకయ్య గబుక్కున లేచి నిలబడ్డాడు. ఎదుటివాడు ఏదైనా అనే లోపే చేతులు జోడించాడు.

"మాఫ్ చేయన్నా, నాతోనే తప్పయింది. ముప్పై ఏండ్లు చేనేత సొసైటీ దుకాణంల బట్ట కొలిసిన, ఏనాడు అంగుళం తక్కువ కొయ్యలే. ఆ అమ్మ ఫోన్ చేసినంక నా కండ్లు పోయినయనుకున్న. కత్తెర మహిపాల్‌కు ఇచ్చేసిన. ఇగ నేను ముట్టుకుంట లేను."

అంబదాసు ఆ జోడించిన చేతులు రెండూ పట్టుకుని కిందికి దించాడు. కోటు బల్ల మీద పరిచాడు.

"నువ్వు రెండున్నర మంచిగనే కోసినవన్నా. అర మీటరు నేను దొంగిలించిన."

నలభై ఏళ్లలో ఆ మాట అతని నోట రావడం అదే మొదటిసారి. తిడతాడని, నలుగురినీ పిలుస్తాడని చూశాడు. తిడితే సగం భారమైనా దిగేది. కనకయ్య తిట్టలేదు. కోటును దగ్గరకు లాక్కుని, జేనతో ఒక్కొక్క ముక్కా కొలిచాడు, వీపు, ముందు రెండు పక్కలు, మెడ. మళ్లీ మొదటి నుంచి కొలిచాడు. తలెత్తేసరికి కళ్లు తడిగా ఉన్నాయి.

"అయితే నా చెయ్యి మంచిగనే ఉన్నట్టే గదా అన్నా?" అని అడిగాడు.