తీగ తోక

పక్కింట్లో పొయ్యి మీద మైదా బంక అడుగంటినట్టుంది. ఆ మాడు వాసన ముక్కుకు తగలగానే బాలమణక్క గుర్తొచ్చి నవ్వొచ్చింది. కామాటిపురలో మేం అద్దెకుండే ఇరుకు గదుల మేడ, మా చాల్‌లో, కింది గదిలోనే ఆమె కార్ఖానా. పెళ్ళిమంటపాలకు ఏనుగులు, నెమళ్ళు కాగితంతో, బంకతో చేసేది. కాలేజీ అయిపోయి ఖాళీగా తిరుగుతున్న నన్ను పిలిచి పనిలో పెట్టుకుంది. ఆమె నవ్విందంటే మెట్ల మీద నిద్రపోతున్న పిల్లులు ఉలిక్కిపడి లేచేవి.

పిల్లల కోసం ప్రదర్శనలు పెట్టే నర్సింగన్న ఒకరోజు వర్లీ నుంచి వచ్చాడు. మనుషులు పుట్టడానికి ఎంతో ముందే అంతరించిపోయిన, మొసలికి దూరపు చుట్టమైన ఒక జంతువు బొమ్మ కావాలన్నాడు. దానివి ఇంతవరకు దొరికినవల్లా దవడ ముక్క ఒకటి, వీపు మీది పెంకులు కొన్ని, ఒక తొడ ఎముక. వాటి ఫోటోలిచ్చి వెళ్ళాడు. నేను ఉత్సాహంగా కోరలు, ముళ్ళు, పొడవాటి తోకతో జంతువు మొత్తాన్నీ కాగితం మీద గీసేశాను. అక్క దాన్ని చాలాసేపు చూసింది.

"మస్తుగుంది బిడ్డా. గీ తోక యాడ చూసినవ్?"

"చూడలే అక్కా, అనుకొని గీసిన."

"మరి గది నువ్వు అనుకున్నదని చూసెటోళ్ళకు ఎట్ల ఎర్కైతది?"

దొరికిన ఎముకల మేరకే నిండుగా చేసి రంగు వేద్దామని, మిగతా ఒళ్ళంతా ఉత్త ఇనుప తీగతో అల్లి వదిలేద్దామని ఆమె తేల్చేసింది. మళ్ళీ వచ్చినప్పుడు ఆ మాట విని నర్సింగన్న తల పట్టుకున్నాడు.

"సగం బొమ్మను ఎవడు చూస్తడక్కా? పోరగాండ్లు భయపడాలె! గిట్లయితే వేరేటోళ్ళకు ఇస్త."

"ఇచ్చుకో. నా చేతులతోని మాత్రం అబద్ధం చెప్పియ్యకు."

అప్పుడు కార్ఖానాలో మాకు ఇంకో పనే లేదు. అక్క మాత్రం తొణకలేదు. అతనికి చాయ్ తెప్పించి, తాగడం కాగానే తీగ కొస ఒకటి చేతికిచ్చి, "జర పట్టుకో నర్సింగ్, గీడ మోకాలు వంచాలె" అంది. గొణుక్కుంటూనే పట్టుకున్నాడు. సాయంత్రానికి చొక్కా చేతులు పైకి మడిచి, మాకంటే హుషారుగా తీగ వంచుతున్నాడు.

దాదర్‌లో ప్రదర్శన మొదలైన రోజున పిల్లలంతా రంగు వేసిన దవడను ఒక్కసారి చూసి, తీగ వైపుకు చేరారు. చర్మం నున్నగా ఉండేదా, గరుకుగానా? తోక అంత పొడుగెందుకు? మరాఠీలో, హిందీలో, మన తెలుగులో ఒకటే వాదులాట. నర్సింగన్న అక్క పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"భయపడుతలేరు గని, కదుల్తలేరక్కా!"

కొన్నేళ్ళకు ఆ జంతువు తోక ఎముకలు కూడా దొరికాయని చదివి అక్క దగ్గరికి పరుగెత్తాను. అప్పటికి ఆమె మంచం దిగడం లేదు. "మనం అల్లినంత లేదంట అక్కా, మస్తు పొట్టిదంట!" అన్నాను. పగలబడి నవ్వింది. "మంచిగైంది! తీగెనే కదనే, కత్తిరియ్యి."

పోయినేడు ఆమె వెళ్ళిపోయింది. నేనిప్పుడు బడిలో సైన్సు చెబుతున్నాను. పిల్లలు అడిగినదానికి జవాబు తెలియకపోతే "నాకు తెలియదు, వెతుకుదాం పట్టండి" అంటాను. ఆ మాట అన్నాక తరగతిలో అందరికంటే ముందు పుస్తకం తెరిచేది నేనే.